ముప్పై మూడో టోకెన్

“నేను నొక్కలేదు పెద్దమ్మా. దేని మీద ఒట్టు వెయ్యమంటే దాని మీద వేస్తాను.”

“ఒట్లు వద్దు. టైములు చెప్పు,” అంది టీచరమ్మ.

చిన్ని ముక్కు తుడుచుకుని ఫోన్ చేతికిచ్చింది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ మెయిలు చదివింది. యూనివర్సిటీ నుంచి వచ్చింది. పదకొండు గంటల నలభై ఒక్క నిమిషానికి పంపారు. ‘మీరు మీ లా సీటును స్వచ్ఛందంగా వదులుకున్నారు. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం.’

“ఉజ్జ్వలంగా అని కూడా రాశారే! మర్యాద తెలిసిన కంప్యూటరే.”

“పెద్దమ్మా! నీకు నవ్వెలా వస్తోంది? వదిలిన సీట్లన్నీ సాయంత్రం ఐదింటికి వెయిటింగ్ లిస్టు వాళ్ళకి వెళ్ళిపోతాయట. ఆ లిస్టులో నా వెనక మొదటివాడు పొద్దున్నించి గేటు దగ్గరే నిలబడున్నాడు!”

పోయినేడు చిన్నికి ఒక్క ర్యాంకులో ఈ సీటు తప్పింది. మళ్ళీ ఏడాదంతా కూర్చుని చదివింది. వాళ్ళమ్మ కుట్టు మిషను చప్పుడుకి లయగా పాఠాలు వల్లెవేసి, ఈసారి నూట పన్నెండు ర్యాంకులు పైకెక్కింది. అంత కష్టపడి తెచ్చుకున్న సీటు, యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటిరోజే ఎవరిదో వేలి నొక్కుడికి పోయింది.

టీచరమ్మ చేతి గడియారం చూసింది. నాలుగూ పదకొండు. అంటే నాలుగూ అయిదు. అది ఆమె భర్తది. బడికి ఎన్నడూ ఆలస్యం కాకూడదని ఆయన దాన్ని ఆరు నిమిషాలు ముందు పెట్టుకునేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆమె ముల్లు జరపలేదు. చూసిన ప్రతిసారీ ఆరు తీసేసుకుంటుంది. ఇరవై ఆరేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, ఆ పైన డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషికి అదొక లెక్క కాదు. బోర్డు మారినా ఊళ్ళో అందరికీ ఆమె టీచరమ్మే.

“ఇంకా యాభై అయిదు నిమిషాలుంది. పద.”

కంప్యూటర్ సెంటర్ భూమికి దిగువన ఉన్న అంతస్తులో ఉంది. దిగడానికి పదిహేడు మెట్లు. పైనుంచి మూడో మెట్టు మీద ఇద్దరు విద్యార్థులు ఫోన్లు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా వాళ్ళ తలల మీదుగా గోడకి ఓ నోటీసు. ‘మెట్ల మీద నిలబడరాదు. ఉత్తర్వు: సెక్యూరిటీ ఆఫీసర్.’

“వీళ్ళేం చేస్తున్నారు?”

“కింద సిగ్నల్ రాదు పెద్దమ్మా. అకౌంటు తెరవాలంటే ఫోన్‌కి కోడ్ వస్తుంది. దానికోసం ఈ మెట్టు దాకా పరుగెత్తుకు రావాలి. రెండో మెట్టుకి ఎండ, నాలుగో మెట్టుకి సిగ్నల్ లేదు.”

“నువ్వూ వచ్చావా?”

“ఒక్కసారి వచ్చాను.”

టీచరమ్మ ఆ మాట మనసులో ఓ మూలన పెట్టుకుంది.

కింద గదిలో పెద్దగా ఏమీ లేదు. అడ్డంగా ఒక చెక్క కౌంటరు, దానికి ఇవతల విద్యార్థుల కోసం ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. అవతల నంబర్లు రాసిన అట్టముక్కల డబ్బా, దారం కట్టిన పెన్నుతో ఒక రిజిస్టరు. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. టీచరమ్మ దాన్ని ఆప్యాయంగా చూసింది. తన గడియారం కన్నా ముందు పరుగెత్తేదాన్ని ఆమె ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి చూడటం.

కుర్చీ మాత్రం ఖాళీగా లేదు. అందులో సెక్యూరిటీ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. పోలీసు ఉద్యోగంలో రిటైరై నాలుగేళ్ళయినా ఆయన్ని అందరూ ఇన్‌స్పెక్టరుగారనే పిలుస్తారు. ఆయన మీసం మాత్రం ఇంకా రిటైరవలేదు.

“వచ్చారా టీచరమ్మగారూ! మీరొస్తారని అనుకుంటూనే ఉన్నాను. పోయినసారి సైకిళ్ళ కేసులో మీరు వేలు పెట్టినప్పట్నించీ, ఎక్కడ చిన్న ఫైలు తెరిచినా మీ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది నాకు.”

“ఆ సైకిళ్ళు దొరికాయి కదండీ.”

“దొరికాయి. నేను వెతుకుతున్న చోట తప్ప.” ఆయన ఫైలు మూసి దాని మీద అరచెయ్యి వేశాడు. “ఈ కేసు మాత్రం మధ్యాహ్నమే మూసేశాను. వినండి. ఒకటి, సీటు వదులుకున్నది ఈ పిల్ల అకౌంటులోంచే. రెండు, అకౌంటు తెరుచుకోవాలంటే ఈ పిల్ల ఫోన్‌కి వచ్చే కోడ్ కావాలి. ఆ ఫోన్ ఈ పిల్ల చేతిలోంచి కదల్లేదు. మూడు, సర్వరు లెక్క ప్రకారం నొక్కింది పదకొండు నలభై ఒకటికి, ఇదిగో ఈ కంప్యూటరు మీదే. రిజిస్టరు చూడండి. ముప్పై రెండో టోకెను, పదకొండు ముప్పై ఒకటికి కూర్చుంది, నలభై ఎనిమిదికి లేచింది. అంటే నొక్కిన నిమిషానికి కుర్చీలో ఎవరున్నారు?”

చిన్ని టీచరమ్మ వెనక్కి జరిగింది.

“తొందరపడి నొక్కింది, తరువాత భయపడింది. వయసు అలాంటిది. పిల్లల సంగతి నాకు తెలీదా? మా ఇంట్లో నాకు తెలియకుండా ఫ్యాను కూడా తిరగదు.”

“కరెంటు బిల్లు తక్కువ వస్తుందనుకుంటాను,” అంది టీచరమ్మ. “కొంచెం ఆ రిజిస్టరు ఇస్తారా?”

“చూసుకోండి. చూడటానికి అందులో ఒక్క లైనే ఉంది. నేను ఆ లైను చూశాను.”

“పక్క లైన్లు?”

“పక్కవాళ్ళ సీట్లు పోలేదు కదా!”

కౌంటరు వెనక నుంచి ఒకాయన నెమ్మదిగా లేచాడు. నలభై ఏళ్ళ మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులు, ముఖం మీద చెరగని చిరునవ్వు. ఆ సెంటరు ఆపరేటరు ఆయన. దేనికైనా ‘ఒక్క నిమిషం’ అనడం అలవాటు కాబట్టి, మూడు రోజుల్లోనే కొత్త విద్యార్థులు ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు.

“నమస్కారం ఒక్కనిమిషంగారూ,” అంది టీచరమ్మ. “ఈ అమ్మాయి మీకు గుర్తుందా?”

“ఒక్క నిమిషం... ఆఁ, గుర్తుందండీ. పాస్‌వర్డు పెట్టుకోమంటే పావుగంట ఆలోచించింది.”

“గట్టిది పెట్టుకోవాలని గోడమీద రాసుంది కదా!” అంది చిన్ని.

“నువ్వు ఏమేం చేశావో వరసగా చెప్పు చిన్నీ.”

“టోకెను తీసుకున్నాను. కూర్చున్నాను. ఆయన నా నంబరు కొట్టారు. కోడ్ కోసం మెట్టెక్కి వచ్చాను. పాస్‌వర్డు మార్చాను. మెయిలు తెరిచాను, టైంటేబులు ప్రింటు తీసుకున్నాను, లైబ్రరీలో పేరు నమోదు చేసుకున్నాను. తరువాత పేజీ మూసేసి లేచాను. నేను లేస్తుంటే ఈయన కాగితాలకోసం పైకెళ్ళారు. నా టైంటేబులు ఆఖరి కాగితం మీద వచ్చింది.”

“నిజమేనండీ,” అన్నాడు ఆపరేటరు. “ప్రింటరుకి కాగితాలు తేవడానికి పై అంతస్తుకి వెళ్ళాను. ఓ పది నిమిషాలు.”

“అప్పుడు ఇక్కడ ఎవరూ లేరా?”

“క్యూలో తరువాతి మనిషి ఉండి ఉంటారండీ. రిజిస్టరు కౌంటరు మీద పెట్టి, మీరే రాసుకోండని గట్టిగా చెప్పి వెళ్ళాను. ముఖం చూడలేదు.”

టీచరమ్మ రిజిస్టరు మీదకి వంగింది. ముప్పై రెండో లైను దాకా గుండ్రటి దస్తూరి. ముప్పై మూడు వేరే దస్తూరి. అక్షరాలు ముందుకి వాలి పరుగెత్తుతున్నట్టున్నాయి. వచ్చింది పదకొండు నలభై తొమ్మిది, వెళ్ళింది పదకొండు యాభై నాలుగు. పక్కన ‘ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరు’ అన్న గడిలో ఒక నంబరు. ముప్పై నాలుగు మళ్ళీ గుండ్రటి దస్తూరి.

“పేర్లు లేవేం?”

“పేరు కంప్యూటరులో ఉంటుంది కదండీ. రెండుసార్లు రాస్తే క్యూ ఆగిపోతుందని ఆ గడి కొట్టేశాను.”

“క్యూ అంటే మీకు ప్రాణం అనుకుంటాను.”

“పిల్లలు నిలబడితే చూడలేనండీ,” అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఇన్‌స్పెక్టరు గోడ గడియారం కేసి చూసి ఆవలించాడు. “ముప్పై మూడో మనిషి వచ్చిందే నలభై తొమ్మిదికి. నొక్కింది నలభై ఒకటికి. ఎనిమిది నిమిషాల ముందే వచ్చి నొక్కిందా, దెయ్యమై?”

“చిన్నీ, నీకు కోడ్ ఎన్నింటికి వచ్చింది? నువ్వు చెప్పొద్దు. ఫోన్‌లో చూపించు.”

చిన్ని సందేశాలు తెరిచింది. ఒక్కటే కోడ్. పదకొండు ఇరవై నాలుగు.

టీచరమ్మ దాన్ని ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది. “ఇరవై నాలుగుకి కోడ్ వచ్చింది. రిజిస్టరు ప్రకారం కుర్చీలో కూర్చున్నది ముప్పై ఒకటికి. కూర్చోకముందే, నంబరు కొట్టకముందే, కోడ్ ఎలా వచ్చిందంటారు? దెయ్యమై?”

మీసం కొద్దిగా కదిలింది.

“ఫోన్ టైము తప్పై ఉంటుంది.”

“మీ ఫోన్‌లో ఇప్పుడెంత?”

“నాలుగూ... పదిహేడు.”

“చిన్ని ఫోన్‌లోనూ నాలుగూ పదిహేడే. గోడమీద?”

అందరూ తలలెత్తారు. నాలుగూ ఇరవై ఎనిమిది.

“ఒక్కనిమిషంగారూ, ఆ గడియారాన్ని పదకొండు నిమిషాలు ముందుకి జరిపింది ఎవరు?”

ఆపరేటరు చిరునవ్వు మొదటిసారి తడబడింది. “నేనేనండీ. టైమైపోతోందనుకుంటే పిల్లలు కబుర్లాపి త్వరగా లేస్తారని...”

“మా ఇంట్లోనూ అలాంటి మనిషే ఉండేవారు,” అంది టీచరమ్మ. ఆమె గొంతు ఒక్క క్షణం మెత్తబడి మళ్ళీ మామూలైంది. “రోజూ ఆరు తీసేసే అలవాటున్నదాన్ని, పదకొండు తీసెయ్యడం నాకెంతసేపు? సర్వరు టైము నిజమైనది. రిజిస్టరు టైములన్నీ ఈ గోడవి. పదకొండు తీసెయ్యండి. చిన్ని లేచింది పదకొండు ముప్పై ఏడుకి. ముప్పై మూడో టోకెను కూర్చున్నది ముప్పై ఎనిమిదికి, లేచింది నలభై మూడుకి. ఇప్పుడు చెప్పండి. నలభై ఒకటికి కుర్చీలో ఎవరున్నారు?”

చిన్ని వేళ్ళ మీద మళ్ళీ లెక్కేసుకుని, ఎగిరి గంతేసింది.

“ఆగండాగండి!” ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. ఓడిపోతున్నప్పుడు ఆయన ఎప్పుడూ నిలబడతాడు. “కోడ్ సంగతి? ఎవరు కూర్చుంటేనేం, ఈ పిల్ల అకౌంటు ఎలా తెరుచుకుంది? రిజిస్ట్రారు ముందు పెట్టాలంటే నాకు రుజువు కావాలి. సీటు తిరిగివ్వాలంటే, నొక్కింది విద్యార్థి కాదని నేను సంతకం పెట్టాలి. అది రూలు. గడియారం చూసి సంతకం పెట్టను నేను.”

“పెట్టక్కర్లేదు. మీరా కుర్చీ ఖాళీ చేస్తే రుజువు చూపిస్తాను. చిన్నీ, కూర్చో. ఒక్కనిమిషంగారూ, ఈ అమ్మాయి ఇప్పుడే మొదటిసారి వచ్చిందనుకోండి. ఏం చేస్తారో అదే చెయ్యండి. ఒక్క ముక్క ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

ఆపరేటరు చేతులు దులుపుకుని వంగాడు. ‘వేరే వ్యక్తి’ అని నొక్కాడు, చిన్ని నంబరు కొట్టాడు. చిన్ని పాస్‌వర్డు కొట్టి, కోడ్ కోసం మెట్లెక్కి, ఆయాసపడుతూ తిరిగొచ్చి ఆరంకెలూ చెప్పింది. ఆయన కొట్టాడు. తరువాత మౌసుని అలవోకగా పక్కకి జరిపి టక్కున నొక్కాడు.

“ఆగండి,” అంది టీచరమ్మ. “ఇప్పుడేం నొక్కారు?”

“ఏం లేదండీ. ఈ చిన్న గడి.”

“దాని పక్కన ఏమని రాసుందో చదవండి.”

“‘ఈ కంప్యూటరులో నన్ను గుర్తుపెట్టుకో.’”

“ఎందుకు నొక్కారు?”

“అది నొక్కకపోతే పేజీ మూసి తెరిచినప్పుడల్లా మళ్ళీ కోడ్ అడుగుతుందండీ. పిల్లలు లైబ్రరీకొకసారి, మెయిలుకొకసారి మెట్లెక్కి దిగాలి. అందరూ మూడో మెట్టు మీద గుంపైతే...” ఆయన ఇన్‌స్పెక్టరు వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు. “మెట్ల మీద నిలబడరాదని సారు నోటీసు పెట్టారు కదండీ. రోజుకి మూడుసార్లు వచ్చి కేకలేసేవారు. అందుకని.”

“అందరికీ ఇలాగే నొక్కారా?”

“అందరికీనండీ. ఎవరూ అడగక్కర్లేకుండానే.”

“పని అయ్యాక ఎలా బయటికి రమ్మని చెబుతారు?”

“ఆ పైన ఎర్ర గుర్తు నొక్కేస్తే పేజీ మూసుకుంటుంది కదండీ. అంతే.”

“నొక్కు చిన్నీ.”

పేజీ మూసుకుంది. టీచరమ్మ చిన్నిని లేపి తాను కూర్చుని, యూనివర్సిటీ పేజీ మళ్ళీ తెరిచింది. అది పాస్‌వర్డు అడగలేదు. కోడ్ అడగలేదు. పైన కుడిమూలన, చీమతలంత అక్షరాల్లో చిన్ని పేరు. కింద పెద్ద అక్షరాల్లో ‘లా, మొదటి సంవత్సరం’.

“ఇది ఇంట్లో సొంత కంప్యూటరు ఉన్నవాళ్ళు పెట్టుకోవలసిన గుర్తు,” అంది టీచరమ్మ. “రోజుకి డెబ్బై మంది కూర్చునే కుర్చీ ముందు కాదు. మీరు పైనుంటే, ముప్పై మూడో మనిషికి ‘వేరే వ్యక్తి’ నొక్కి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. పేజీ తెరవగానే ఎదురుగా చిన్ని అకౌంటు. అందుకే చిన్ని ఫోన్‌కి రెండో కోడ్ రాలేదు. దొంగతనం కాదిది. ఎవరో తన సీటు వదులుకుందామని వచ్చి, చిన్ని సీటు వదిలేసి, ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయారు.”

“పేరు చూసుకోరా ఎవరైనా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఎవరికంటా పడకుండా పని ముగించాలనుకున్నవాళ్ళు గుమ్మం వైపు చూస్తారు, పేరు వైపు కాదు. ఆ దస్తూరి చూశారా? ఎంత తొందర!”

“అయితే పట్టుకోవాలి!” ఇన్‌స్పెక్టరులో పాత ఉద్యోగం మేలుకుంది. “ఆ మనిషి వచ్చి ఒప్పుకుంటే సంతకం పెడతాను. నంబరుందిగా, చెయ్యండి. మాట్లాడేది మాత్రం నేను. నా గొంతు వింటే ఎంతటివాడైనా నిజం కక్కుతాడు.”

“ఇక్కడ సిగ్నల్ రాదు.”

టీచరమ్మ గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది. ఆరు తీసేస్తే ముప్పై రెండు. నలుగురూ మెట్లెక్కారు. మూడో మెట్టు మీద ఒకళ్ళ భుజం ఒకళ్ళకి రాసుకుంటూ, నోటీసు కింద నిలబడ్డారు. టీచరమ్మ రిజిస్టరు చూసుకుంటూ నంబరు కొట్టి, ఫోన్ చెవికి పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోన్ మోగింది.

“ఛ, ఇప్పుడే రావాలా ఎవరికైనా!” ఆయన చిరాగ్గా తీసి చెవికానించాడు. “హలో, ఎవరు?”

“ముప్పై మూడో టోకెనుగారేనా?” అంది టీచరమ్మ.

ఆ మాట ఆయనకి ఒక చెవిలో ఫోన్లోంచీ, రెండో చెవిలో పక్కనుంచీ వినిపించింది. ఆయన ఫోన్ చూశాడు. టీచరమ్మ ఫోన్ చూశాడు. రిజిస్టరు లాక్కుని చూశాడు. ముందుకి వాలిన ఆ అంకెలు ఆయనకి కొత్తవి కావు. పదేళ్ళు ఆ దస్తూరిలో రాసిన సెలవు చీటీల మీద సంతకం పెట్టిన మనిషి.

“మా అమ్మాయి,” అన్నాడు. ఆ గొంతుకి ఏ దొంగా నిజం కక్కడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వబోయిన చిన్నిని టీచరమ్మ మోచేత్తో పొడిచింది.

“లా చదవమన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను పట్టుకున్నవాళ్ళందర్నీ ఎవరో ఒక లాయరు విడిపించుకుపోయాడు. ఇంట్లో ఒక లాయరుంటే...” ఆయన ఆగాడు. “తను సరేనంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.”

“సరేననడం వేరు, ఇష్టపడటం వేరు,” అంది టీచరమ్మ. “తన ఫారంలో ఫోన్ నంబరు మీదే ఇచ్చారు కదూ? సీటు వదులుకుందామంటే కోడ్ మీ జేబులోకొస్తుంది. ఆ భయంతోనే వచ్చి కూర్చుని ఉంటుంది. పేజీ కోడ్ అడక్కుండా తెరుచుకునేసరికి, అదృష్టమనుకుని గబగబా నొక్కేసింది. ఇప్పుడు ముందు మీ అమ్మాయిని పిలవండి. తిట్టడానికి ఐదు దాటాక బోలెడు టైముంటుంది.”

ఇన్‌స్పెక్టరు కూతురు గేటు బయట బస్సు కోసం నిలబడి ఉంది. వీళ్ళు కింద గదికి తిరిగొచ్చాక, ఏడో నిమిషంలో అక్కడికే వచ్చింది. తండ్రిలాగే పొడుగు, తండ్రిలాగే చూపు. మీసమొక్కటే తక్కువ. సంగతంతా విని చిన్ని రెండు చేతులూ పట్టుకుంది.

“నీ సీటా నేను వదిలేసింది? అయ్యో, నీ ముఖం చూడు ఎలా అయిపోయిందో! నాకు పశువైద్య కాలేజీలో సీటొచ్చింది. ఇక్కడిది వదిలినట్టు ఐదింటిలోపు చూపిస్తేనే అక్కడ చేర్చుకుంటారు. నాన్నా, నేను మీకు చెబుదామనే...”

“ఎప్పుడు?”

“మొదటి ఆవుకి వైద్యం చేశాక.”

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయి, చిన్ని వైపు చూశాడు. చిన్ని గోడ గడియారం కేసి చూస్తోంది. దాంట్లో అప్పుడే నాలుగూ యాభై రెండు. ఆయన ఫైలు తెరిచి, మధ్యాహ్నం తాను రాసిన పేజీని అడ్డంగా కొట్టేసి, కింద కొత్తగా నాలుగు లైన్లు రాశాడు. నొక్కింది ఫలానా విద్యార్థిని, నా కుమార్తె, అని రాసేటప్పుడు కలం ఒకసారి ఆగింది. అయినా రాశాడు. సంతకం పెట్టి తేదీ వేశాడు.

“టైము కూడా వెయ్యండి,” అంది టీచరమ్మ.

“ఏ గడియారం ప్రకారం?” అన్నాడాయన. మీసం కింద ఏదో నవ్వులాంటిది కదిలింది.

ఆపరేటరు వెళ్ళి పిలిస్తే, పైనుంచి రిజిస్ట్రారుగారు దిగివచ్చారు. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది, చేతిలో మూడు ఫైళ్ళు. ఇన్‌స్పెక్టరు రాసింది చదివి, నుదురు చిట్లించి, “నేనే సరిచేస్తాను, పైకి వెళ్ళే టైము లేదు,” అని అక్కడే కూర్చున్నారు. కోడ్ కోసం ఆవిడా మూడో మెట్టు దాకా ఎక్కి దిగక తప్పలేదు. ఆపరేటరు వినయంగా పక్కన వంగి సాయం చేశాడు. చిన్ని ఫోన్ పట్టుకుని మూడో మెట్టు మీద కాచుకుంది. అసలు టైము నాలుగూ యాభై ఒకటికి ఫోన్ మోగింది. మెయిలు చదివి, అక్కణ్ణించే అరిచింది.

“వచ్చేసింది! పెద్దమ్మా, నా సీటు నాకొచ్చేసింది! ఈసారి భవిష్యత్తు గురించి ఏమీ అనలేదు!”

రిజిస్ట్రారుగారు ఎర్ర గుర్తు నొక్కి, ఫైళ్ళు ఎత్తుకుని, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయారు.

ఇన్‌స్పెక్టరు ఖాళీ కుర్చీ వెనక నిలబడ్డాడు. తరువాత కుర్చీ లాగి కూతురి వైపు తిప్పాడు.

“కూర్చో. కోడ్ నా ఫోన్‌కే కదా వచ్చేది. నేను మెట్టు మీద ఉంటాను.”

“నాన్నా...”

“టైము లేదు. నొక్కు.”

ఆయన మెట్లెక్కే చప్పుడు వినిపించింది. కూతురు కళ్ళు తుడుచుకుని యూనివర్సిటీ పేజీ తెరిచింది. పరుగు మీద ఉన్న దస్తూరికి తగ్గ చెయ్యి. చకచకా రెండు చోట్ల నొక్కింది.

“ఇంకా రాలేదేం కోడ్?” పైనుంచి ఇన్‌స్పెక్టరు కేక.

“అడగలేదు నాన్నా!”

టీచరమ్మ అప్పుడే రిజిస్టరు మూస్తోంది. ఆ మాటకి ఆమె చెయ్యి ఆగింది. ఒక్క అంగలో కుర్చీ దగ్గరికొచ్చి, కూతురి చేతిని మౌసు మీంచి ఎత్తేసింది.

తెర మీద ప్రశ్న వెలుగుతోంది. ‘నిజంగానే సీటు వదులుకుంటున్నారా?’ బాణం గుర్తు ‘అవును’ మీద నిలబడి ఉంది. ప్రశ్న పక్కన చిన్ని పేరు. పైన కుడిమూలన, చీమతలంత అక్షరాల్లో, రిజిస్ట్రారుగారి పేరు. ఆవిడ ఆఖరున తెరిచింది చిన్ని వివరాలే.

చిన్ని అప్పుడే కిందికి దిగుతోంది. తెర చూసి, “నాదే! మళ్ళీ నాదే!” అని కెవ్వుమంది.

“ఒక్కనిమిషంగారూ,” అంది టీచరమ్మ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “రిజిస్ట్రారుగారికి కూడా ఆ గడి నొక్కారా?”

“అలవాటండీ,” అన్నాడాయన, ఏడుపొక్కటే తక్కువగా. “ఆవిడ మోకాళ్ళు మంచివి కావు. మళ్ళీ మెట్లెక్కకూడదని...”

టీచరమ్మ ‘కాదు’ నొక్కింది. రిజిస్ట్రారు పేరు మీద నొక్కి, కింద వేలాడిన జాబితాలో ‘బయటికి వెళ్ళు’ వెతికి, దాన్ని రెండుసార్లు చూసి నొక్కింది. పేజీ మూసి తెరిచింది. ఈసారి తెర ఎవరినీ గుర్తుపట్టలేదు. మర్యాదగా నంబరు అడిగింది, పాస్‌వర్డు అడిగింది. అప్పటికి నాలుగూ యాభై ఏడు. గోడమీద ఐదూ ఎనిమిది చూసి కూతురు గుండె పట్టుకుంటే, చిన్ని ఆమె భుజం తట్టి, “అది అబద్ధాలకోరు, దాన్ని చూడకు,” అంది.

“వచ్చింది!” మూడో మెట్టు మీంచి ఇన్‌స్పెక్టరు గొంతు. “రాసుకో. నాలుగు. తొమ్మిది. సున్నా. రెండు. రెండు.”

గొంతు ఆగిపోయింది. కూతురు చెయ్యి మీటల మీదే ఉంది.

“ఆరోది, నాన్నా?”

పైన ఎవరో ముక్కు గట్టిగా చీదారు.

“ఏడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ముందు పేరు చూసుకుని నొక్కమ్మా.”